విన్న పాటను కాగితం మీద పెట్టడం: పాటల నోటుబుక్కు రాసుకునే పద్ధతి

పాట దొరకడం ఇప్పుడు ఎవరికీ కష్టం కాదు. అమీర్‌పేటలో ఒక మెట్రో దిగి ఇంకొకటి ఎక్కేలోపు, అరవై ఏళ్ల నాటి పాటనైనా ఫోన్‌లో వెతికి తీసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినవచ్చు. అయితే ఆ పాటను మీరు ఏ పూట, ఎక్కడ, ఎవరి పక్కన నిలబడి విన్నారో, వింటున్నప్పుడు ఏ ఆలోచన మనసులో మెదిలిందో, ఏ మాట దగ్గర చేస్తున్న పని ఆపి చెవి ఒగ్గారో ఏ యాప్‌లోనూ భద్రంగా ఉండదు. పాటల నోటుబుక్కు పెట్టుకోవాలనుకునే వారికి నేను మొట్టమొదట చెప్పదలచిన సంగతి ఇదే: పాట గురించి సమాచారం పోగు చేయడం కన్నా, ఆ పాటను మీరు విన్న తీరును రాసిపెట్టుకోవడం ముఖ్యం. సమాచారం రేపు కూడా దొరుకుతుంది, విన్న తీరు మాత్రం ఆ రాత్రి నిద్రపోయేలోపే సగం చెరిగిపోతుంది.

రాయకపోతే ఏమి పోతుందో తెలియడానికి మన దగ్గర ఒక పెద్ద ఉదాహరణ ఉంది. తిరుమల ఆలయంలో భద్రపరచిన, అన్నమయ్య వంశమైన తాళ్లపాక వారి రాగిరేకులు 1922లో మళ్లీ వెలుగు చూశాయి. అన్నమయ్య సంకీర్తనలు వాటి మీద అక్షరాలుగా నిలిచి ఉన్నాయి, పాట పైన రాగం పేరు కూడా చెక్కి ఉంది. కానీ ఆ రాగంలో ఆ పదాన్ని ఎక్కడ ఎత్తుకున్నారో, ఎక్కడ నిలిపారో చెప్పే స్వరలిపి మాత్రం లేదు. అందువల్లనే ఈనాడు మనం వినే అన్నమయ్య బాణీలలో చాలా భాగం 20వ శతాబ్దపు సంగీత విద్వాంసులు కొత్తగా కట్టినవి. మాట నిలిచింది, పాడిన తీరు పోయింది. మన ఇంటి పాటల విషయంలోనూ, మన సొంత వినికిడి విషయంలోనూ జరిగేది ఇదే కనుక, రాసుకోవడం వృథా శ్రమ కాదు.

నోటుబుక్కు ఎంపిక గురించి ఎక్కువగా ఆలోచించవలసిన పని లేదు. గీతలున్న రెండు వందల పేజీల పుస్తకం, అది విప్పితే బల్ల మీద పరుచుకుని ఉండగలిగితే చాలు. ఎడమ పేజీలో విన్న పాట గురించి రాయండి, కుడి పేజీని ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ ఎందుకో కొద్ది నెలలకు మీకే అర్థమవుతుంది: అదే పాటను మరొక రోజు విన్నప్పుడు, లేదా ఆ పాట గురించి ఇంట్లో ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు, దాన్ని రాసుకునే చోటు అదే. ఫోన్‌లో రాసుకునే అలవాటు ఉన్నవారు అలాగే రాసుకోవచ్చు. కాకపోతే పాట, రాత రెండూ ఒకే తెర మీద ఉంటే చేయి మాటిమాటికీ పాట మార్చడానికే వెళుతుంది కనుక, నేను కాగితాన్నే సిఫారసు చేస్తాను.

ప్రతి పేజీకి తల ఒకే విధంగా ఉండాలి. తేదీ, పూట, చోటు, పాట ఎక్కడి నుంచి వినిపించిందో అన్న వివరం ముందుగా రాయండి. రేడియోలోనా, పక్కింటి టీవీలోనా, ఆటోలోనా, గుడి మైకులోనా, మీరే ఎంచుకుని పెట్టుకున్నారా అన్నది చాలా తేడా చేస్తుంది, ఎందుకంటే మనం వెతికి పెట్టుకున్న పాటను వినే చెవి వేరు, అనుకోకుండా ఎదురుపడిన పాటను వినే చెవి వేరు. ఆ తరువాత రేడియో అనౌన్సర్లు పాటిస్తూ వచ్చిన మర్యాదను మీరూ పాటించండి. 1957లో వివిధ భారతి మొదలైన నాటి నుంచి సినిమా పాటకు ముందో వెనుకో చిత్రం పేరు, రచన, సంగీతం, గానం చెప్పడం శ్రోతలకు అలవాటైన పద్ధతి. ఫోన్ యాప్‌లలో గాయకుల పేర్లు పెద్దగా కనిపిస్తాయి కానీ, పాట రాసిన కవి పేరు చాలాసార్లు వెతికితే తప్ప కనబడదు. ఆ పేరు వెతికి మీ చేత్తో రాయండి. తెలియకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచండి కానీ ఊహించి నింపవద్దు.

ఇక అసలు రాత. సిద్ధాంతంగా చెప్పడం కన్నా ఒక పేజీ ఎలా ఉండవచ్చో చూపిస్తే మేలు.

"ఆషాఢ ఆదివారం, సాయంత్రం ఆరు దాటింది. పద్మారావునగర్, అక్కయ్య వాళ్ల వంటగది. బోనాల మైకుల మోత పక్క వీధి నుంచి వస్తోంది. బావగారు పెట్టిన రేడియోలో సుశీల గారి పాట. పల్లవి మైకులో కలిసిపోయి వినబడలేదు. చరణం అందుకునేసరికి వీధిలో డప్పులు ఆగాయి. చివరి మాటను ఆమె ఒక్క ఊపిరిలో దించి, మళ్లీ పల్లవికి చేర్చడం స్పష్టంగా వినిపించింది. అక్కయ్య గరిటె చేతిలో పట్టుకునే నిలబడి విని, 'అమ్మ ఇక్కడ ఎప్పుడూ వేరే మాట పెట్టి పాడేది' అన్నది. ఆ మాట ఏమిటో అడిగి కుడి పేజీలో రాసుకున్నాను."

ఈ పేజీలో పాట బాగుందని ఎక్కడా లేదు. అయినా చదివిన వారికి ఆ పాట ఎంత బాగా వినిపించిందో తెలుస్తుంది. మైకు, డప్పు, గరిటె, అమ్మ మార్చి పాడిన మాట ఉన్నాయి కనుక ఆ సాయంత్రం మొత్తం నిలిచింది. దీనికి బదులుగా "సుశీల గారి మధురమైన గాత్రంలో అద్భుతమైన పాట విన్నాను, మనసు పులకించింది" అని రాసి ఉంటే, అది ఏ రోజుకైనా, ఏ పాటకైనా సరిపోయే వాక్యం అయ్యేది. మధురం, అద్భుతం, అమరం, అజరామరం వంటి మాటలను కనీసం మొదటి కొన్ని నెలలు పూర్తిగా పక్కన పెట్టమని నా గట్టి సలహా. వాటి స్థానంలో క్రియలను వాడండి. గొంతు ఏమి చేసింది? నిలిచిందా, జారిందా, వణికిందా, మాటను నమిలిందా, విడిచిందా? తబలా పాటకు ముందు నడిచిందా, వెనుక నడిచిందా? వయొలిన్లు గొంతును అనుసరించాయా, దానికి జవాబు చెప్పాయా? మనకు ఎత్తుగడ (పాటను అందుకునే తీరు), సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు), గమకం (స్వరాన్ని ఊపే తీరు), ముక్తాయింపు (ముగించే తీరు) అన్న మంచి మాటలు ఉన్నాయి. సంగీతం నేర్చుకోని వారు కూడా వాటిని కొద్దికాలంలో పట్టుకోగలరు.

అలా రాయాలంటే ముందు అలా వినాలి. ఒక పాటను కనీసం మూడుసార్లు, ప్రతిసారీ ఒక్క విషయాన్నే పట్టుకుని వినడం నాకు తెలిసిన ఉత్తమ మార్గం. మొదటిసారి మాటలను మాత్రమే వినండి, అర్థం కాని మాట ఉంటే దాన్ని రాసిపెట్టుకుని నిఘంటువు చూడండి. మనం చిన్నప్పటి నుంచి పాడుకునే పాటల్లోనే అర్థం తెలియని మాటలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. రెండోసారి నడకను వినండి. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ, "తకిట" అని మూడుగా నడుస్తోందా, "తకధిమి" అని నాలుగుగా నడుస్తోందా చూడండి. మూడైతే తిశ్రం, నాలుగైతే చతురశ్రం, "తకతకిట" అని ఐదుగా వస్తే ఖండం, "తకిటతకధిమి" అని ఏడుగా వస్తే మిశ్రం. ఈ నాలుగూ తెలిస్తే సినిమా పాటల్లో చాలా భాగం మీ చేతికి చిక్కుతుంది. మూడోసారి గొంతును పక్కన పెట్టి, పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే వాద్యాలను వినండి. మొదటి చరణానికి ముందు వచ్చిన వేణువు రెండో చరణానికి ముందు ఎందుకు రాలేదు, దాని చోట సితారో వీణో ఎందుకు వచ్చింది అని ప్రశ్నించుకుంటే, ఆ సంగీత దర్శకుడు కథను ఎలా చదివాడో మీకు కనబడుతుంది.

పాత పాటలు వినేటప్పుడు అవి తయారైన పరిస్థితి గుర్తుంచుకోవడం చాలా ఉపయోగం. నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) గ్రామఫోన్ రికార్డుకు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేవి కనుక, కవి, సంగీత దర్శకుడు, గాయకుడు తమ మాట మొత్తం ఆ కొలతలో ఇమిడ్చి చెప్పారు. 1950, 60 దశకాలలో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించి రికార్డు చేసేవారు, మధ్యలో ఒకరు తడబడితే అందరూ మొదటి నుంచి అందుకోవలసి వచ్చేది. ఆ కాలపు పాటలో గాయకుడు ఊపిరి తీసుకున్న చోటు, వాద్యగాడు ఆయన కోసం వేచి చూసిన క్షణం వినబడతాయి. తరువాతి కాలంలో గొంతును, వాద్యాలను వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేసి కలపడం వచ్చాక ఆ పరస్పర నిరీక్షణ తగ్గింది, దాని బదులు వేరే రకమైన నిర్దుష్టత వచ్చింది. దీనిని వినడానికి ఒక మంచి అభ్యాసం ఉంది. ఎస్‌.పి.బాలసుబ్రహ్మణ్యం గారు 1966లో సినిమాకు తొలిసారి పాడి, 2020లో కన్నుమూసే వరకు పాటతోనే ఉన్నారు. ఆయన తొలి సంవత్సరాల పాట ఒకటి, 1980లలో పాడినది ఒకటి, 2000 తరువాతది ఒకటి పక్కపక్కన పెట్టుకుని వినండి. గొంతు ఎలా బరువెక్కింది, మాటను విడిచే తీరు ఎలా మారింది, నవ్వునూ నిట్టూర్పునూ పాటలో ఎక్కడ కలిపారు అన్నది మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. ఒక్క గొంతులో ఇంత కాలం వినగలగడం శ్రోతకు దక్కిన భాగ్యం.

రాగాల విషయంలో తొందరపడవద్దు. పాట వినగానే రాగం పేరు రాయాలన్న ఆరాటం చాలామందికి ఉంటుంది, కానీ నిర్ధారణగా తెలియని పేరు రాయడం కన్నా "ఐదే స్వరాలు వినిపిస్తున్నాయి, తెల్లవారుజాము లాగా ఉంది" అని రాయడం నిజాయితీగా ఉంటుంది. మోహన, హిందోళం, కళ్యాణి అనే మూడింటితో మొదలుపెడితే చాలు, మొదటి రెండూ ఐదేసి స్వరాల రాగాలు. హైదరాబాద్‌లో ఉండే శ్రోతకు ఇక్కడ ఒక అదనపు సౌకర్యం ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో విన్న కళ్యాణి స్వరాలే, పాతబస్తీలో ఒక గజల్ మెహఫిల్‌లో యమన్ పేరుతో ఎదురవుతాయి. మోహనకు అక్కడ, అంటే హిందుస్థానీ సంగీతంలో, భూప్ అని పేరు, హిందోళానికి మాల్‌కౌంస్ అని పేరు. హిందుస్థానీలో హిందోల్ అనే పేరుతో ఉన్న రాగం మాత్రం మన కర్ణాటక సంగీతపు హిందోళం కాదని గుర్తుంచుకోవాలి. ఈ రెండు సంప్రదాయాలనూ ఒకే ఊళ్లో, సిటీ బస్సు దూరంలో వినగలిగిన వారు వాటిని ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రాసుకోకపోతే అది పెద్ద లోటు.

కనుక నెలకు ఒక్కసారైనా ఫోన్ జేబులో పెట్టి, మనుషులు ఎదురుగా కూర్చుని పాడే చోటికి వెళ్లండి. గానసభలో, రవీంద్రభారతిలో జరిగే కచేరీలు చాలావాటికి టికెట్టు ఉండదు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ వినవచ్చు. ఆషాఢంలో గోల్కొండ నుంచి లాల్‌దర్వాజా వరకు బోనాల డప్పులు, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఒగ్గు కళాకారుల డోళ్లు వీధుల్లోనే వినిపిస్తాయి. ఇటువంటి చోట రాసుకోవలసినది పాట పేరు కాదు. మృదంగం వాయించే వ్యక్తి ఎవరి కళ్లలోకి చూస్తున్నాడు, ఏ సంగతి దగ్గర ముందు వరసలోని పెద్దాయన చేయి పైకి లేచింది, ఖవ్వాలీలో ఒకే పంక్తిని ఎన్ని రకాలుగా తిప్పి పాడారు, డప్పు వేగం మారినప్పుడు, బోనాల ఊరేగింపు ముందు ఆడే పోతరాజు అడుగు ఎలా మారింది అన్నవి రాయండి. కచేరీ మధ్యలో రాయవద్దు, పక్కవారికి ఇబ్బంది. ఇంటికి వచ్చిన వెంటనే, ఎవరితోనూ దాని గురించి మాట్లాడకముందే రాయండి, ఎందుకంటే ఒకసారి నోటితో చెప్పేశాక మనకు గుర్తుండేది మనం చెప్పిన మాటే అవుతుంది.

రోజువారీ ఆలోచనలను పాటతో ఎలా కలపాలన్నది చాలామందికి వచ్చే సందేహం. నా సలహా: కలపవద్దు, పక్కపక్కన ఉంచండి. ఆఫీసులో జరిగిన మాటపట్టింపు, అద్దె ఇల్లు మారవలసి రావడం, కూతురు మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి కాలేజీకి వెళ్లడం, ఏదైనా సరే, ఆ రోజు జరిగింది జరిగినట్టు మొదట రాయండి. తరువాత ఒక గీత గీసి, ఆ రోజు విన్న పాట గురించి రాయండి. ఈ పాట నా పరిస్థితికి సరిగ్గా సరిపోయిందని ఆ రాత్రే తీర్పు చెప్పకండి. వాటి మధ్య సంబంధం నిజంగా ఉంటే, ఏడాది తరువాత ఆ పేజీ తిరగేసినప్పుడు అది దానంతటదే కనబడుతుంది. లేకపోతే బలవంతపు సంబంధం ఒకటి కాగితం మీద మిగలకుండా ఉంటుంది. రాయడానికి ఏమీ లేని రోజు రాయకండి. వారానికి రెండు నిజమైన పేజీలు రోజుకొక మొక్కుబడి పేజీ కన్నా ఎంతో నయం.

ఇంతవరకూ పాట ఎక్కడికీ పోదు, విన్న తీరే పోతుంది అని చెప్పాను. ఆ మాట వర్తించని పాటలు కొన్ని ఉన్నాయి, అవి మన ఇళ్లలోనే ఉన్నాయి. నానమ్మ పాడే మంగళహారతి, అమ్మమ్మ లాలిపాట, పెళ్లిలో అప్పగింతలప్పుడు పెద్దత్త ఎత్తుకునే పాట, పాలమూరు నుంచో నల్లగొండ నుంచో నగరానికి వచ్చి స్థిరపడిన ఇళ్లలో బతుకమ్మ చుట్టూ "ఉయ్యాలో" అంటూ సాగే పాటలు, వీటిలో చాలావాటికి రికార్డు లేదు, అచ్చు లేదు. వాటి విషయంలో పాట మొత్తాన్ని, ఒక్క అక్షరం వదలకుండా రాయడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

దానికి పద్ధతి ఇది. ముందు అనుమతి అడగండి. "నానమ్మా, ఆ పాట రాసుకుంటాను, ఇంకోసారి పాడతావా?" అంటే కాదనేవారు అరుదు, కానీ పీట వేసి కూర్చోబెట్టి పాడమంటే వారికి పాట గుర్తు రాదు. బియ్యం ఏరుతున్నప్పుడు, పూలు కడుతున్నప్పుడు, మనవడిని ఊపుతున్నప్పుడు పక్కన కూర్చుంటే చేతితో పాటు పాట కూడా సాగుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి, రికార్డు మొదట్లోనే మీ గొంతుతో తేదీ, చోటు, పాడుతున్న వారి పేరు చెప్పండి. రాసేటప్పుడు వారి నోట వచ్చిన మాటనే రాయండి. "వచ్చినాడమ్మ" అన్నదాన్ని "వచ్చాడమ్మ" అని, "యాడికి" అన్నదాన్ని "ఎక్కడికి" అని దిద్దితే పాట నడక విరిగిపోతుంది, పైగా అది ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిపే గుర్తు చెరిగిపోతుంది. మధ్యలో మరచిపోయిన పంక్తి ఉంటే చుక్కలు పెట్టి వదిలేయండి, మీ కవిత్వంతో పూరించకండి. పాట అయ్యాక, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో పాడేవారు, ఈ పాట పాడకూడని సందర్భం ఏదైనా ఉందా అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా విలువైనవి. అదే పాటను చెల్లెలో తోడికోడలో వేరే మాటలతో పాడితే, ఏది సరైనదని తేల్చే పని పెట్టుకోకుండా రెండింటినీ రాసుకోండి.

ఇష్టమైన పాటల జాబితా పెట్టుకోవాలన్న కోరిక సహజం, దాన్ని నోటుబుక్కు చివరి పేజీల్లో పెట్టుకోండి. దానికి హద్దు ఉండాలి, ఇరవై పాటలు అనుకుందాం. కొత్త పాట చేర్చాలంటే ఒక పాత పాటను తీసేయాలి, తీసేసిన దానికి కారణం ఒక వాక్యంలో రాయాలి. "ఇది పాట కోసం కాదు, ఆ వయసు కోసం ఇష్టపడ్డాను" అన్న వంటి వాక్యాలు అప్పుడు బయటికి వస్తాయి, అవి జాబితా కన్నా మిన్న.

పాటను ఇతరులతో పంచుకునేటప్పుడు ఒకసారికి ఒక్కటే పంపండి. దాంతోపాటు ఎందుకు పంపుతున్నారో, ఎక్కడ వినాలో చెప్పండి: "రెండో చరణం అయ్యాక వచ్చే షెహనాయి విను, అన్నయ్యా" అని రాస్తే ఆయన తప్పకుండా అక్కడిదాకా వింటారు, కారణం లేకుండా పది పాటలు ఒకేసారి పంపితే మొదటిది కూడా వినరు. పాట సాహిత్యాన్ని మొత్తంగా ఎక్కించి నలుగురికీ పంచడం మాత్రం సరికాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవించినంత కాలం, మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు ఆ హక్కు ఉంటుంది. మీ మాటకు అవసరమైన ఒకటి రెండు పంక్తులు చాలు. అలాగే మీ పేజీలో ఇంట్లోవారి మాటలు ఉంటే, బయటివారికి చూపే ముందు వారిని అడగండి. అక్కయ్య వంటగదిలో అన్న మాట ఆమెది.

పేజీలు వంద దాటాక వెతకడం కష్టమవుతుంది కనుక, మొదటి నుంచే వెనుక అట్ట వైపు అకారాది క్రమంలో సూచిక రాస్తూ రండి. పాట మొదటి మాట, పేజీ సంఖ్య చాలు. ఇంటి పాటలకు విడిగా మరొక సూచిక పెట్టి, పాడినవారి పేరు, ఊరు చేర్చండి. ఫోన్‌లోని రికార్డులకు పేరు పెట్టేటప్పుడు కూడా అదే పద్ధతి పాటించి, పేజీ సంఖ్యను ఆ పేరులో కలపండి, వాటి నకలు ఒకటి ఇంట్లో కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గరో ఉంచండి. వానాకాలంలో పుస్తకాన్ని గోడకు ఆనించిన అలమరలో పెట్టకండి, చెమ్మకు సిరా అలుక్కుపోతుంది.